గరగరలాడేదాకా కడిగిన రత్న

అనంతగిరి రోడ్డు వదిలి అరగంట పైకి నడిస్తే వచ్చే ఆ ఊళ్ళో కాఫీ గింజలు కడగడంలో రత్నను మించినవాళ్ళు లేరు. ఇది రత్న చెప్పుకునే మాట కాదు, ఆవిడకి చెప్పుకోవడం రాదు. రైతుల సంఘంలో అందరూ ఒప్పుకున్న మాట. పళ్ళు కోసి తెచ్చి యంత్రంలో పోస్తే పై తోలు ఊడిపోతుంది గాని, లోపలి గింజ జిగురు జిగురుగా చేతిలో నిలవకుండా జారిపోతుంది. దాన్ని సిమెంటు తొట్టిలో నానబెట్టి, మర్నాడు పొద్దున్నే మోకాలిలోతు చన్నీళ్ళలో దిగి, కాళ్ళతో తొక్కి, చేతులతో నలిపి ఆ జిగురంతా వదలగొట్టాలి. వదిలిందో లేదో చెప్పేది చెయ్యి ఒక్కటే. గుప్పెడు గింజలు నలిపితే గరగరమనాలి. అలా అనేదాకా కడుగుతూనే ఉండాలి, లేకపోతే బూజు పట్టి సరుకంతా పాడైపోతుంది. రత్న గుప్పిట బిగించి "అయిపోనాది" అందంటే అయిపోయినట్టే. మళ్ళీ ఎవరూ ముట్టి చూడరు.

ముప్పై మూడేళ్ళ మనిషి. కొండదొరల తెగలో ఒక ఇంటి కోడలు. భర్త భీమన్నకి కొండవాలులో ఎకరంన్నర కాఫీ తోట, దాని కింద కాస్త చోడి, అంటే రాగుల చేను. కూతురు సోనికి పదమూడేళ్ళు. సోని తరవాత ఇంకొకరు పుడితే బాగుండునని రత్నకి చాలా ఏళ్ళుగా ఉంది. పుట్టలేదు, ఆశా పోలేదు. ఆ సంగతి భీమన్నకి కూడా ఎప్పుడూ చెప్పలేదు.

ఈ ఏడాది సంఘంలో ఒక వింత జరిగింది. మేనేజరు రవిబాబు వచ్చి, మూడు తొట్ల గింజలు కడగొద్దు, జిగురుతోనే ఆరబెట్టండి అన్నాడు. అలా చేస్తే కాఫీకి రుచి ఎక్కువట, బయటినుంచి కొనడానికి వచ్చేవాళ్ళు అలాగే అడుగుతున్నారట. రత్న ఒకటే గొడవ. కడగని సరుకు కుళ్ళిపోతుందని చెప్పింది, తన చేతుల మీదుగా అలాంటి పని జరగదని కూడా చెప్పింది. రవిబాబు నవ్వి ఊరుకున్నాడు. వేరేవాళ్ళు గాలాడేలా వల బిగించిన మంచాల మీద పలచగా పరిచి గంటగంటకీ తిరగేశారు. గింజలు కుళ్ళలేదు సరికదా, బెల్లం పాకం వాసనతో ఎర్రగా ఎండాయి. రత్న అటువైపు వెళ్ళడమే మానేసింది. ఎన్నేళ్ళుగానో నిజమనుకున్నది కాదంటే ఎవరికి బాగుంటుంది?

ఇక అసలు సంగతి. వానలప్పుడు మొదలైంది ఆవిడ బాధ.

మొదట తెల్లబట్ట. అది కొత్తదేం కాదు, నెలలో కొన్నాళ్ళు అలా అవడం ఆవిడకి పెద్దమనిషి అయినప్పటినుంచీ ఉంది. నలుగురిలో చెప్పుకోదగ్గది కాదు కాబట్టి ఎవరికీ చెప్పలేదు. అందరికీ అవుతుందో, తనొక్కతెకే అవుతుందో కూడా తెలియదు. మురికే కదా అనుకుని కడుక్కునేది. చేతులు నేర్చిన చదువు ఒకటే, జిగురంటే మురికి. సబ్బు పెట్టి, లోపలికంటా, గింజలు కడిగినంత శ్రద్ధగా కడుక్కునేది. చేతికి జారడం మానేసి గరుకుగా తగిలితే అప్పుడు శుభ్రమైందని తృప్తి. మర్నాటికి మళ్ళీ జిగురు. మళ్ళీ సబ్బు. ఎంత కడిగినా తెల్లారేసరికి మళ్ళీ వస్తోందంటే ఇంకా గట్టిగా కడగాలని అర్థం చేసుకుందే గాని, అసలు కడగడం సంగతే ఆలోచించలేదు.

వానల్లో దానికి దురద తోడైంది. ఆ పైన మంట. తెల్లబట్ట విరిగిన పాలలాగా ముక్కలు ముక్కలుగా అవడం మొదలైంది. సంతలో కొట్టువాడు నీళ్ళలో పోస్తే పాలలా తెల్లబడే మందు ఇచ్చాడు, పుళ్ళు కడగడానికి వాడే మందు. సబ్బు చాలదనుకుని దాన్ని కూడా వాడింది. ఒక పూట చల్లగా ఉండేది, తరవాత కారం రాసినట్టు మండేది.

ఎవరిని అడగాలి? ఆ చోటుకి రత్నకి తెలిసిన పేర్లు రెండు. ఒకటి తిట్లలో వాడేది, రెండోది కానుపప్పుడు ముసలమ్మలు గొంతు తగ్గించి అనేది. ఈ రెండూ పట్టుకుని ఎవరి దగ్గరికి వెళ్ళి ఏమని చెప్పుకుంటుంది? ఎలాగో సిగ్గు చంపుకుని ఏరు దగ్గర ఇద్దరు ముగ్గురితో అంది. అంతే, ఎన్ని నోళ్ళో అన్ని రోగాలు. ఒకామె వేడి చేసిందంది, చోడంబలి తాగమంది. తాగింది. ఇంకొకామె అది ఎముకలు కరిగి పోవడమేనంది. ఆ మాట విన్న దగ్గరనుంచి రత్న పొద్దున్నే లేచి ముణుకుల కింద ఎముక నొక్కి చూసుకునేది, నిన్నటికన్నా సన్నబడిందేమోనని. మూడో ఆవిడ అమ్మవారి మొక్కు ఏదో మరిచిపోయి ఉంటావంది. కోడిపెట్టను మొక్కుకుంది. దేని వల్ల తగ్గుతుందో తెలియక అన్నీ చేసింది, ఏదీ తగ్గించలేదు. అన్నీ ఒక్కసారే చేస్తే ఏది పని చేసిందో, ఏది చెడగొట్టిందో ఎవరికి మాత్రం తెలుస్తుంది?

అప్పుడు వచ్చాడు అప్పలస్వామి. కింది ఊరివాడు, మోటారు సైకిలు మీద సంచీ తగిలించుకుని ఊరూరూ తిరిగి సూదిమందు వేస్తాడు. చదువుకున్న డాక్టరు కాడని అందరికీ తెలుసు. పిలిస్తే వచ్చేవాడు ఆయనొక్కడే కాబట్టి అందరూ డాక్టరుబాబు అనే అంటారు. దసరా ముందు రత్నకి దగ్గు వస్తే రంగు రంగుల గొట్టం మాత్రలు ఇచ్చాడు. తగ్గకపోతే మళ్ళీ ఇచ్చాడు. మూడోసారి కూడా ఇచ్చాడు. దగ్గు తగ్గింది గాని కింద బాధ రెట్టింపైంది. ఈ రెండింటికీ సంబంధం ఉంటుందని ఆవిడకి తోచలేదు, తోచవలసినవాడికీ తోచలేదు. రత్న నసుగుతూ సంగతి చెప్పగానే ఆయన ముఖం గంభీరంగా పెట్టాడు. మర్నాడే జీపులో ఇంకో ఇద్దరు ఆడవాళ్ళతో కలిపి కింద టౌనులో ఒక ప్రైవేటు నర్సింగు హోముకి తీసుకుపోయాడు.

అక్కడ అద్దాల తలుపులు, చల్లటి గది. పొట్ట మీద ఏదో రాసి టీవీలో చూశారు. పెద్ద డాక్టరు రత్నతో ఒక్క ముక్క మాట్లాడలేదు, ఆవిడ తల మీదుగా అప్పలస్వామితో మాట్లాడాడు. గర్భసంచి పాడైపోయిందట. మూతి దగ్గర పుండు ఉందట. ఉంచితే క్యాన్సర్ అవుతుందట. సోమవారం ఆపరేషన్ చేసి తీసేస్తారట, సర్కారు కార్డు మీద పైసా ఖర్చు లేకుండా అయిపోతుందట. ఏం తింటున్నావు, ఏం మందులు వాడావు, దేంతో కడుక్కుంటున్నావు అని అడిగినవాళ్ళు అంత పెద్ద భవనంలో ఒక్కరు లేరు. కాగితాల మీద వేలిముద్ర మాత్రం నాలుగు చోట్ల వేయించుకున్నారు.

క్యాన్సర్ అన్న మాట ఇంటికి వచ్చాక భీమన్న మాట్లాడటం మానేశాడు. ఆపరేషన్ అయితే మూడు నెలలు బరువు ఎత్తకూడదని అప్పలస్వామి చెప్పాడని, రోజూ కొండెక్కి కట్టెలు కొట్టి తెచ్చి చూరు కింద పేర్చడం మొదలుపెట్టాడు. నాలుగు రోజుల్లో గోడ ఎత్తు పేర్చాడు. ఆ కట్టెల్ని చూసినప్పుడల్లా రత్నకి ఏడుపు వచ్చేది. ఇంకొక బిడ్డ సంగతి ఇప్పుడు చెప్పి ఏం లాభం? చెప్పకుండా ఉంచుకున్న ఆశని చెప్పకుండానే పారేసుకోవాలి కాబోలు అనుకుంది. సోని ఒక మూల కూర్చుని అన్నీ వింటూ ఉండేది. ఆ పిల్ల ఈ మధ్య ఏది అడిగినా ముక్తసరిగా జవాబు చెబుతోంది. పెద్దమనిషై ఆరు నెలలైంది, అలాగే ఉంటారులే అని రత్న పట్టించుకోలేదు. సబ్బుబిళ్ళ పదిహేను రోజులకే అరిగిపోతోందని మాత్రం గమనించి, తనే ఎక్కువ వాడుతున్నానేమోనని తిట్టుకుంది.

ఆపరేషన్ ఎలా ఉంటుందో అడుగుదామని బుధవారం తొట్టి దగ్గర చిట్టెమ్మను పక్కకి పిలిచింది. చిట్టెమ్మ రత్నకన్నా పదేళ్ళు పెద్దది, అక్కలాంటిదని అప్పా అని పిలుస్తుంది, పక్క తొట్టి ఆవిడది. రెండేళ్ళ కిందట ఇదే తెల్లబట్టకి, ఇదే అప్పలస్వామి వెంట వెళ్ళి సంచి తీయించుకుంది.

"నెల నెలా ఆ బాద నేదు, అదొక్కటీ సుకమే" అంది చిట్టెమ్మ. "ఒళ్ళే బాగోనేదు. ఉండుండి కుంపటి మీద కూకోబెట్టినట్టు కాగిపోద్ది. ఇంత సలిలోనూ దుప్పటి తన్నీత్తాను. ముణుకులు పట్టీసినాయి."

"మరి తెల్లబట్ట ఆగిపోనాదా అప్పా?"

"అదెక్కడాగినాది? కాసింత తగ్గింది గాని అవుతానే ఉంది."

రత్న చేతిలో గింజలు తొట్టిలో వదిలేసింది. "సంచి తీసీసినారు గదా. సంచి నేకుండా అది ఎక్కడినించి వత్తన్నాది?"

రెండేళ్ళనుంచి చిట్టెమ్మకి ఆ అనుమానమే రాలేదు. ఇద్దరూ నీళ్ళలో నిలబడి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పాడైన సంచి నుంచే తెల్లబట్ట వస్తుందన్నారు కదా, తీసి పారేశారు కదా, మరి ఇప్పుడు వచ్చేది దేన్నుంచి? ఇంకో సంచి ఉందా? ఒకటి తీసి ఇంకొకటి మరిచిపోయారా? లేక చిట్టెమ్మకి అసలు తీయలేదా? ఎటు తిప్పి చూసినా లెక్క కుదరలేదు. ఇంతకు ముందు రోగం ఏమిటో అర్థం కాలేదు, ఇప్పుడు వైద్యం కూడా అర్థం కాకుండా పోయింది.

ఆ సాయంత్రం అప్పలస్వామి బండి కనబడితే ఆపి అడిగింది. ఆయన కసిరాడు. నువ్వేమైనా డాక్టరువా, అంత పెద్ద డాక్టరు చెబితే తెలియక చెప్పాడా అని నాలుగు మాటలు అని బండి ఎక్కేశాడు. రత్న నెమ్మదైన మనిషే, ఎవరైనా కసిరితే తల వంచుకుని వచ్చేస్తుంది. ఆ రోజూ వంచుకునే వచ్చింది. కానీ గింజలు గరగరమనకుండా కడగడం ఆపలేని మనిషి, జవాబు రాకుండా ఆ ప్రశ్నను ఎలా వదిలేస్తుంది?

గురువారం సంతకని చెప్పి బయలుదేరి, సంత దాటుకుని సర్కారు ఆసుపత్రికి వెళ్ళింది. అక్కడ కొత్తగా ఆడ డాక్టరు వచ్చిందని విన్నది. పేరు కీర్తి. చూస్తే కాలేజీకి వెళ్ళే పిల్లలా ఉంది, మెడలో తాళి కూడా లేదు. ఈ పిల్లకి ఇవన్నీ ఎలా చెప్పను అనుకుంటూ రత్న గుమ్మంలోనే నిలబడింది.

"లోపలికి రండి. మీరు కూర్చోండి" అంది కీర్తి.

రత్న వెనక్కి తిరిగి చూసింది, తన వెనకాల ఎవరొచ్చారా అని. ఎవరూ లేరు. చొక్కా ప్యాంటు వేసుకున్నవాళ్ళు తనను మీరు అనడం ఆవిడ జీవితంలో అదే మొదలు. ఆ కంగారులో, దారి పొడుగునా కూడగట్టుకున్న మాటలన్నీ మరిచిపోయి, తన బాధ చెప్పకుండా చిట్టెమ్మ సంగతి అడిగేసింది.

కీర్తి నవ్వలేదు. కసరలేదు. కాగితం మీద బొమ్మ గీసింది. ఇది గర్భసంచి, ఇది దాని మూతి, ఇక్కడినుంచి బయటికి వచ్చే దారి ఇది, దీన్ని యోని అంటారు అని చెప్పింది. ఆ పేరుని గొంతు తగ్గించకుండా, కాలనో చెయ్యనో అన్నట్టు మామూలుగా అంది. తెల్లబట్ట సంచిలో పుట్టేది కాదు, చాలావరకు ఈ దారిలోనూ ఈ మూతి దగ్గరా ఊరేది. అందుకే సంచి తీసినా మీ అప్పకి అవుతూనే ఉంది అంది. తరవాత అసలు మనిషి సంగతి కూడా రాబట్టింది. ఏ రంగు, ఏ వాసన, దురద ఎప్పటినుంచి, ఏ మందులు మింగారు, దేంతో కడుక్కుంటారు. రత్న తల వంచుకునే అన్నీ చెప్పింది. కడుక్కునే విషయం దగ్గరికి వచ్చేసరికి మాత్రం తల ఎత్తింది. అందులో తను ఏ లోటూ చేయలేదు.

బల్ల మీద పడుకోబెట్టి పరీక్ష చేసింది. సంచి మూతికి ఏదో పులుపు నీళ్ళు రాసి, కాసేపు ఆగి, దీపం పెట్టి చూసింది. చక్కెర పరీక్షకి వేలు పొడిచారు. అప్పుడు చెప్పింది.

"ఇది ఫంగస్ అమ్మా. బూజు లాంటిది. ఆరు రోజులు మందు వాడితే పోతుంది. మూతి కొంచెం ఎర్రగా ఉంది, మీ వయసులో చాలామందికి అలాగే ఉంటుంది. అది క్యాన్సర్ కాదు. అనుమానం లేకుండా శాంపిల్ కూడా పంపిస్తున్నాను. తెల్లబట్టకి గర్భసంచి తీయక్కర్లేదు."

"బూజేటమ్మా? నాను రోజూ కడుగుతాను" అంది రత్న. ఆవిడకి నిజంగానే పౌరుషం వచ్చింది.

"కడగడం వల్లే వచ్చింది" అంది కీర్తి.

ఆ తరవాత డాక్టరమ్మ చెప్పినవన్నీ రత్న చెవిన పడ్డాయి గాని బుర్రకెక్కడానికి చాలాసేపు పట్టింది. అక్కడ ఊరే పలచని జిగురు రోగం కాదట, మురికీ కాదట. ప్రతి ఆడదానికీ పెద్దమనిషి అవడానికి కొంచెం ముందునుంచే ఊరుతుందట. ఆ దారి తనను తను శుభ్రం చేసుకునే పద్ధతి అదేనట. అందులో మేలు చేసే సూక్ష్మజీవులు ఉంటాయట, అవి ఉన్నంతకాలం బూజు తల ఎత్తదట. సబ్బు, ఆ తెల్లటి మందు వాటిని చంపేశాయి. దగ్గుకని మూడుసార్లు మింగిన గొట్టం మాత్రలు మిగిలినవాటిని చంపాయి. రోజంతా తడిచీరతో నీళ్ళలో నిలబడటం బూజుకి పండగైంది. దురద, మంట, విరిగిన పాలలా అవడం, చెడు వాసన, పచ్చరంగు, ముట్టు కానప్పుడు రక్తం, వీటిలో ఏది కనబడినా ఆసుపత్రికి రావాలి. ఊరికే పలచగా అయితే అది మామూలే. బయట మాత్రం మంచినీళ్ళతో కడుక్కుంటే చాలు, లోపలికి నీళ్ళు కూడా పెట్టకూడదు.

"అయితే జిగురు తియ్యకూడదేటి?" అని అడిగింది రత్న.

"తీయకూడదు" అంది కీర్తి.

రత్నకి వలమంచాల మీద ఎర్రగా ఎండిన రవిబాబు గింజలు గుర్తొచ్చాయి. వాటి మీద కూడా తను ఇలాగే పోట్లాడింది.

మందులు పట్టుకుని కొండెక్కుతుంటే అయోమయం తగ్గకపోగా పెరిగింది. ఇద్దరు డాక్టర్లు, రెండు మాటలు. అద్దాల భవనంలో ఉన్నాయన తీసేయమన్నాడు. పెచ్చులూడిన గోడల గదిలో ఉన్న చిన్నపిల్ల కడగడం మానేయమంది. కడగొద్దని చెప్పే డాక్టరును ఎవరైనా విన్నారా? భీమన్నకి చెబితే అతను ఇంకా బెదిరిపోయాడు. ఆ పిల్లకి తెలియకపోతే, రేపు నిజంగానే క్యాన్సరైతే, నిన్ను ఎక్కడినుంచి తెచ్చుకోను అన్నాడు. అతను అంత పొడుగు మాట మాట్లాడి చాలా రోజులైంది.

గురువారం, శుక్రవారం, శని, ఆదివారం. పడుకునే ముందు లోపల పెట్టుకోమన్న బిళ్ళ పెట్టుకుంది. పొద్దున్నే చేయి సబ్బు మీదికి అలవాటుగా వెళ్ళేది, బలవంతాన వెనక్కి తీసుకునేది. ఒళ్ళంతా మురికిగా ఉన్నట్టే అనిపించేది. కానీ శనివారానికి మంట పోయింది. ఆదివారానికి దురద ఎక్కడో ఒకటి రెండుసార్లు తప్ప తెలియలేదు. మందు పని చేసిందా, సబ్బు మానడం పని చేసిందా, మొక్కుకున్న కోడిపెట్టా? తగ్గినట్టే తగ్గి లోపల ఏదైనా కుళ్ళుతోందా? ఈ నాలుగింట్లో ఏది నిజమో రత్నకి ఆదివారం పొద్దుపోయేదాకా తేలలేదు.

సోమవారం ఎండ వస్తూనే జీపు వచ్చి కాఫీ ఆరబెట్టే కళ్ళం పక్కన ఆగింది. అప్పటికే ఆడవాళ్ళంతా పనిలో ఉన్నారు. భీమన్న రత్న బట్టల మూట తెచ్చి జీపులో పెట్టాడు. అప్పలస్వామి దిగకుండానే బేగి ఎక్కమన్నాడు. రత్న తొట్టిలోంచి బయటికి వచ్చి, చేతులు తుడుచుకుని జీపు దగ్గరికి నడిచింది. ఎక్కడానికే వెళ్తోందని అందరూ అనుకున్నారు. నిజం చెప్పాలంటే, సగం దూరం వరకు ఆవిడ కూడా అదే అనుకుంది.

"ఒక్కటి సెప్పు బాబు, ఎక్కీత్తాను" అంది. "సిట్టెమ్మప్పకి సంచి తీసీసినారు. ఆ అప్పకి తెల్లబట్ట ఎక్కడినించి వత్తన్నాది?"

కళ్ళంలో గింజలు తిరగేస్తున్నవాళ్ళంతా తలలెత్తారు. ఏరు దగ్గర గుసగుసగా అనుకునే మాట అది. మగవాళ్ళ ముందు, పట్టపగలు, అంత మామూలు గొంతుతో ఎవరూ అనరు. అప్పలస్వామి ముఖం ఎర్రబడింది. ఇంటి ఆడదాన్ని అదుపులో పెట్టుకోవాలని భీమన్నకి చెప్పాడు, క్యాన్సరైతే తన గుమ్మం తొక్కొద్దన్నాడు. రత్న కదల్లేదు.

"అవును బాబు, అవుతానే ఉంది" అంది వెనకనుంచి చిట్టెమ్మ. "రెండేళ్ళయినాది. నాకూ సెప్పు."

ఆయన చెప్పలేదు. తెలిస్తే కదా చెప్పడానికి. డ్రైవరును బండి తీయమన్నాడు. అప్పుడు భీమన్న ముందుకు వచ్చాడు. రత్నను తిడతాడో, ఎక్కమంటాడో తెలియక అందరూ చూస్తూ ఉన్నారు. అతను జీపులో చేయి పెట్టి బట్టల మూట తీసి చంకలో పెట్టుకున్నాడు. ఆరు రోజుల మందు అయ్యాక చూద్దామని, ఎవరికి చెబుతున్నాడో తెలియకుండా చెప్పి, ఇంటివైపు నడిచాడు. రత్నకి అప్పుడు పొంగుకొచ్చింది సంతోషం. ఏడుపు కూడా వచ్చింది. రెండూ ఒక్కసారే రావడంతో ముఖం కడుక్కోవడానికి మళ్ళీ తొట్టి దగ్గరికే వెళ్ళింది.

ఆ రోజు సాయంత్రం పెందరాళే ఇంటికి వచ్చింది. తడిచీర వెంటనే మార్చుకోమంది కదా డాక్టరమ్మ, పొడిచీర కోసం పెరట్లోకి వెళితే తడక చాటున నీళ్ళ చప్పుడు. సోని నీళ్ళు పోసుకుంటోంది. రత్న చీర మార్చుకుంది, పొయ్యి వెలిగించింది, గంజి వార్చింది. నీళ్ళ చప్పుడు ఆగలేదు. ఇంత చలిలో ఏం స్నానమని తడక దగ్గరికి వెళ్ళి పిలిచింది. తడక తీసింది.

సోని లంగా తడిపేసుకుని గొంతుకూర్చుని ఉంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. ఒక చేతిలో చెంబు, ఇంకో చేతిలో సబ్బుబిళ్ళ, నిన్న కొన్నదే, అప్పుడే సగానికి అరిగిపోయింది.

"ఏటే గుంటా, ఏటి సేత్తన్నావు?"

"ఎంత కడిగినా గరగరమనట్లేదమ్మా" అంది సోని.

ఆరు నెలల కిందట, పిల్ల పెద్దమనిషైన రోజున, ఇదే తడక చాటున నిలబడి తనే చెప్పింది. జిగురు తగిలిందంటే మురికి ఉన్నట్టు, గరగరలాడేదాకా కడుక్కో అని. తనకు తెలిసిన ఒక్క విద్యా కూతురికి నేర్పానని ఆ రోజు ఎంతో తృప్తిపడింది.

"మండుతుందా?"

సోని తల ఊపింది. ఎన్నాళ్ళనుంచి అంటే వానలప్పటినుంచి అంది. ఎందుకు చెప్పలేదని అడిగితే చెంబులో నీళ్ళు ఒంపేసింది. చివరికి తల్లి ముఖం చూడకుండా అడిగింది.

"నాకూ సంచి తీసేస్తారా అమ్మా?"

ఇన్నాళ్ళూ ఆ మూల కూర్చుని పిల్ల విన్నది ఇది. తల్లి కోసమే కాదు, తన కోసం కూడా కట్టెలు పేరుస్తున్నారనుకుంది కాబోలు. రత్న ఆ తడినేల మీదే కూలబడి సోనిని ఒళ్ళోకి లాక్కుంది. నీళ్ళు ఓడుతున్న బట్టలతోనే గట్టిగా పట్టుకుని ఏడ్చింది. కీర్తి గీసిన బొమ్మ, చెప్పిన మాటలు, అప్పటిదాకా చిక్కుపడి ఉన్నవన్నీ ఆ నిమిషాన విడిపోయాయి. పదమూడేళ్ళ పిల్లకి సంచేం పాడవుతుంది, కడిగి కడిగే కదా ఈ మంట అని, ఎవరు చెప్పింది నిజమో ఇక ఎవరినీ అడగనక్కర్లేదు. ఆ సబ్బుబిళ్ళ తన చేతుల్లోంచే వచ్చింది.

"నేదమ్మా. నీకేటీ తియ్యరు" అంది. "నీది మురికి కాదు. నానే తప్పు సెప్పినాను."

సోని చేతిలోంచి సబ్బు తీసుకుని తడక అవతలికి విసిరేసింది.

"రేపు నాతో ఆసుపత్రికి రా. అక్కడొక డాక్టరమ్మ ఉంది, నిన్ను మీరు అంటాది. బయపడకు."

సోని చెంబు కింద పెట్టింది.